ముత్యాలు చెరిపిన రాత

"సార్, మౌస్‌ని గట్ల పిసుకొద్దు. జెర ఒత్తితే చాలు," అన్నాడు వీరబాబు.

డిటెక్టివ్ చెంచురామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఖమ్మంలో సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. ఆ చెయ్యి భుజం మీద పడితే పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా పేరున్న దొంగలకు కాళ్ళు ఆడేవి కావు. అలాంటి చెయ్యి డిగ్రీ కుర్రాడి ముందు బెదిరిపోయింది. చెవుల దాకా వేడెక్కింది ఆయనకు.

"నాకు తెలుసులేవయ్యా. నేను అడిగినదానికి సమాధానం చెప్పు. ఈ కంప్యూటర్ దగ్గర ఎవరెవరు కూర్చుంటారు?"

"మేం అయిదుగురం సార్. ఎవ్వల వంతు వస్తే వాళ్ళు."

కేసు క్లుప్తంగా ఇదీ. అడవి అంచున ఏటిగుంపు అనే కోయ పల్లె ఉంది. ఆ పల్లె వేల్పు కథంతా బొమ్మలుగా కుట్టిన గుడ్డ జెండాను పడిగె అంటారు. జాతరకు తప్ప బయటికి తీయరు. మిగతా రోజుల్లో అది ఎక్కడుంటుందో కాపలా మనిషికి తప్ప పురుగుక్కూడా తెలియదు. ఆ కాపలా మనిషి భీమక్క. ఆమె మనవరాలు ముత్యాలు ఈ భద్రాచలం కాలేజీలోనే డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. లెక్చరర్ గోపాలు అయిదుగురు పిల్లలకు గ్రూప్ ప్రాజెక్టు ఇచ్చాడు. ఎవరి ఊరి వేల్పు గురించి వాళ్ళు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవగల ఒక వికీలో రాయాలి, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దాలి. అంతవరకు బాగానే ఉంది. పోయిన వారం ఏటిగుంపు పేజీలో ఒక కొత్త వాక్యం కనిపించింది. "పడిగెను ఏటి మలుపులో బండ సొరికెలో దాస్తారు." రాసినవాళ్ళ పేరు ముత్యాలు. మర్నాటికి బండల సందులోని ఆ సొరికె ఖాళీ అయింది.

ఊరు ముత్యాల మీద విరుచుకుపడింది. వేల్పును ఫోన్లో పెట్టి అమ్మేసిందన్నారు. ఆదివారం పెద్దలు కూర్చుంటారు. ఆ పిల్లను ఇక ఊళ్ళోకి రానివ్వాలా, వద్దా అని ఆరోజు తేలుస్తారు. "నేను రాయలే సార్" అన్న ఒక్క మాట తప్ప ముత్యాలు ఇంకేం చెప్పలేదు. గోపాలే స్వయంగా ఖమ్మం వెళ్ళి, "మా పిల్లను మీరే కాపాడాలె సార్" అని చెంచురామయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

చెంచురామయ్య ముక్కు మీది కళ్ళజోడు సవరించుకుని తెర పైన మూలకు చూశాడు. అక్కడ "ముత్యాలు" అని పేరుంది.

"ముత్యాలు ఇవాళ కాలేజీకి రాలేదన్నావు కదా? మరి ఇక్కడ పేరెందుకుంది?"

"ఎప్పుడూ గదే ఉంటది సార్. పొద్దుగాల ముందొచ్చి లాగిన్ అయ్యేది ఆమెనే. మల్ల లాగౌట్ చేసుడు ఉండదు. మేమంతా గదే పేరు మీద రాస్తం."

"అదేంటయ్యా! ఎవరి పేరు మీద వాళ్ళు రాయాలి కదా?"

"మా గుంపుల నాగలి గుడ ఒక్కటే సార్. వంతు వచ్చినోడు దున్నుకుంటడు. దున్నినోని పేరు నాగలి మీద రాసుకుంటమా?"

చెంచురామయ్యకు నవ్వొచ్చింది, ఊపిరీ ఆడింది. లేచి గది చుట్టూ ఒకసారి తిరిగాడు. కంప్యూటర్లు చాలానే ఉన్నాయి గానీ పనిచేసేవి రెండే. ఒకటి ఆఫీసు గుమాస్తా వాడుకుంటాడు. రెండోది ఇదే. తలుపుకు గడియ లేదు. పక్కగది గోపాలుది, మధ్యలో ఒక కర్టెన్. అంటే ఈ గదిలోకి వచ్చినవాడెవడైనా, కుర్చీలో కూర్చుంటే చాలు, ముత్యాలైపోతాడు. ఆ వాక్యం కింద ఆ పిల్ల పేరుందని ఆ పిల్లే రాసిందనడానికి లేదు. సగం కేసు గెలిచినట్టే అనుకున్నాడు పెద్దాయన.

"మరి ఆ చరిత్ర చూడటం ఎలాగో ఇంకోసారి చెప్పు."

"పేజీ పైన 'చరిత్ర' అని ఉంటది సార్. ఒత్తితే ఎవ్వలు, ఎప్పుడు, ఏం మార్చిండ్రో వస్తది. పక్కన 'తేడా' ఒత్తితే పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపిస్తది. తీసేసింది గుడ పోదు సార్. అంతా ఉంటది."

"తీసేసింది కూడానా?"

"అవ్ సార్. మీ పేజీ మీదనే చూసుకోండి."

ఆయనకూ ఒక పేజీ ఉంది మరి. మొన్న గోపాలు దగ్గరుండి తెరిచిచ్చాడు. "మీ పేరు మీదున్న పేజీ సార్, మీ ఇల్లసొంటిది. ఏమన్న రాసుకోండి, నేర్చుకోండి. నా వీక్షణ జాబితాల పెట్టుకున్న, మీరేదన్న తప్పు రాస్తే నాకు తెలుస్తది, దిద్దుత," అన్నాడు. చెంచురామయ్య మురిసిపోయాడు. పోలీసుగా ఉన్నప్పుడు కేసు డైరీ రాసిన అలవాటు చొప్పున నిన్న సాయంత్రం లాడ్జిలో కూర్చుని, ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నాలుగు మాటలు ఆ పేజీలో రాసుకున్నాడు కూడా.

ఇప్పుడు తన పేజీ తెరిచాడు. తెల్లగా ఖాళీగా ఉంది.

చరిత్ర ఒత్తాడు. రెండు వరుసలు. ఒకటి తనది. దాని పైన ఇంకోటి, ముత్యాలు పేరుతో, 'మొబైల్ మార్పు' అన్న గుర్తుతో.

"వీరబాబూ, ఒక టీ తెచ్చిపెట్టు నాయనా. అల్లం వేసింది."

కుర్రాడు బయటికి వెళ్ళేదాకా ఆగి, 'తేడా' ఒత్తాడు. ఎడమవైపు తను రాసిందంతా ఎండలో ఆరేసినట్టు కనిపించింది.

"పోయింది అసలు పడిగె కాదు, పాత గుడ్డ. అసలుది పాత తునికాకు కల్లం వెనక ఇప్పచెట్టు తొర్రలో క్షేమం. భీమక్క నాకు మాత్రమే చెప్పింది."

కుడివైపు ఏమీ లేదు. దాని కింద, మార్పు ఎందుకు చేశారో చెప్పే చోట, ముత్యాలు రెండు ముక్కలు రాసింది. "సార్ తెల్వక రాసిండు, తీసేస్తున్న. ఎవ్వలు చూసిండ్రో ఏమో, అవ్వ సారుకు చెప్పిన తావు కాడికి పోతున్న."

చెంచురామయ్యకు తల కొట్టేసినట్టయింది. తన పేజీ అంటే తనొక్కడికే కనబడేది అనుకున్నాడు. ఇంటి తలుపులు బార్లా తెరిచి, మధ్యగదిలో కూర్చుని గుట్టు చెప్పుకున్నాడన్నమాట! నిన్న మధ్యాహ్నం భీమక్క చుట్టుపక్కల చూసి, చెవిలో చెప్పినట్టు చెప్పింది ఆ మాట. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది. రాత్రికల్లా లోకం ముందు పెట్టేశాడు. అందులో మళ్ళీ "నాకు మాత్రమే" అని గొప్ప ఒకటి! ఆ రెండు మాటలూ చూస్తుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట బూట్ల చప్పుడైంది. చెంచురామయ్య గబుక్కున తెరను గోడవైపు తిప్పేశాడు.

"నమస్తే సార్," అంటూ లోపలికొచ్చింది ఎస్సై నాగలత. కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో ఆయన కిందే పనిచేసింది. ఇప్పుడు కేసు ఆమెది. "కంప్యూటర్ పాఠాలు నడుస్తున్నయా?"

"నడుస్తున్నాయి. ముత్యాలును పట్టుకోవడానికి నీ దగ్గర ఆధారం లేదని ఇప్పుడే తేలింది."

"ఏం తేలింది సార్?"

"ఆ లాగిన్ అయిదుగురూ వాడతారు. ఎవడైనా రాసి ఉండొచ్చు."

"గా సంగతి నాకు మొన్ననే తెలుసు. అందుకే ఇన్ని రోజులు చెయ్యి వేయలే. కానీ ఇయ్యాల హాస్టల్‌కు పోయినం. ఆ పిల్ల లేదు. తప్పు చెయ్యకపోతే ఎందుకు ఉరుకుతది సార్?"

"భయంతో వెళ్ళి ఉండొచ్చు."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టున్నది నాకైతే." నాగలత ఆయన ముఖంలోకి చూసింది. "ఏడికి పోయిందో మీకేమన్న తెలుసా సార్?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో ఆయనకు రెండు దారులు కనిపించాయి. ఒకదాంట్లో ఆ పిల్ల ఉంది, రెండోదాంట్లో తన పరువుంది.

"తెలీదు," అన్నాడు.

ఎన్ని వందలమంది ముద్దాయిల చేత నిజాలు కక్కించాడో ఆ మనిషి! తన నోట అబద్ధం ఇంత సులువుగా వస్తుందని అనుకోలేదు. నాగలత తలూపి, కిటికీ దగ్గరికెళ్ళి ఫోన్ తీసింది. "అవ్, ముత్యాలు. బస్టాండ్ల మనిషిని పెట్టు. చర్ల బస్సు, ఖమ్మం బస్సు రెండూ చూడాలె. దొరికితే స్టేషన్‌కు తెండ్రి, సంకెళ్ళు అవసరం లేదుగని..."

సంకెళ్ళు అనే మాట వినగానే చెంచురామయ్య కుర్చీలోంచి లేచాడు. తను రాసిన తప్పు చెరపడానికి ఒంటరిగా అడవిలోకి పోయిన పిల్ల. దొంగని వెతికినట్టు బస్టాండుల్లో వెతుకుతున్నారు. తను చూస్తూ నిలబడ్డాడు.

"నాగలతా! ఫోన్ పెట్టెయ్. ఇటు రా."

తెరను ఆమెవైపు తిప్పాడు. ఆమె నిలబడే చదివింది, రెండోసారి వంగి చదివింది.

"ఇది మీరు రాసిందా సార్?"

"నేనే."

"నన్ను కొత్తల మీరే కొట్టినంత పని చేసిండ్రు, యాదికున్నదా? సాక్షి చెప్పిన తావు పేరు నా పుస్తకంల రాసుకున్ననని."

"ఉంది."

"ఇంతసేపు నాకెందుకు చెప్పలే?"

"సిగ్గేసింది," అన్నాడు చెంచురామయ్య. అంత బతుకు బతికి, తన దగ్గర సెల్యూట్ కొట్టిన పిల్ల ముందు తలెత్తలేక నేల చూశాడు.

నాగలత ఎగతాళి చేస్తుందనుకున్నాడు. చేయలేదు. అదే ఇంకా బాధగా ఉంది.

"మూడు గంటల పది నిమిషాలకు తీసేసినట్టుంది. అంత రాత్రివేళ ఒక్కతే..." అని గొణిగాడు.

"రాత్రి కాదు సార్. ఈ వికీ గడియారం మనది కాదు, అయిదున్నర గంటలు కలపాలె. పొద్దున ఎనిమిదీ నలభై." ఆమె అప్పటికే టోపీ పెట్టుకుంటోంది. "మీ రాత రాత్రంతా ఉన్నది. ముత్యాలు చూసేలోపు ఇంకెవ్వలు చూసిండ్రో చెప్పుండ్రి."

"చదివినవాళ్ళ పేర్లు ఉండవా ఇందులో?"

"రాసినోళ్ళ పేర్లే ఉంటయి. చదివినోళ్ళవి ఉండయి."

చెంచురామయ్య బుర్రలో గోపాలు మాటలు గిర్రున తిరిగాయి. మీ పేజీ నా వీక్షణ జాబితాల పెట్టుకున్న. నాకు తెలుస్తది. ఎంత ఆప్యాయంగా చెప్పాడు!

"గోపాలు ఎక్కడ?"

టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వస్తున్న వీరబాబే జవాబిచ్చాడు. "గోపాల్ సార్ ఇయ్యాల లీవ్ సార్. పొద్దుగాల దుమ్ముగూడెం రోడ్డుకు బండి మీద పోతుంటే చూసిన. చెయ్యి ఊపితే గుడ చూడలే."

ఏటిగుంపు దారి అదే.

పోలీసు జీపు వెళ్తున్నంతసేపూ చెంచురామయ్య జరిగిందంతా తిరగేసుకున్నాడు. అంతా వరసగా కుదురుకుంటోంది. ఎలాగో తావు తెలుసుకున్న గోపాలు, బండ సొరికెలోని గుడ్డ ఎత్తుకెళ్ళే ముందు, ముత్యాలు కుర్చీలో కూర్చుని ఆ వాక్యం రాశాడు. లోకమంతా చదివింది గనక దొంగ ఎవడైనా కావచ్చు, నింద మాత్రం పిల్లది. తీరా చూస్తే గుడ్డ పాతది, కొనేవాడు ముఖం మీద కొట్టి ఉంటాడు. అసలుది ఎక్కడుందో భీమక్క నోట రాబట్టాలి. గోపాలుకు చెప్పదు, పోలీసుకూ చెప్పదు. నెరిసిన జుట్టు, మంచి మాట ఉన్న ఒక ముసలాడు కావాలి. వాడికి రాసుకునే అలవాటుంటే మరీ మంచిది. కంచే చేను మేస్తే ఎవడేం చేస్తాడు? ఆ కంచెకు కాపలా కుక్కగా తను కుదిరాడు!

దారి చీలే చోట నాగలత దిగింది. "నేను కల్లం కాడికి పోతున్న. మీరు భీమక్క కాడికి పోయి, చెప్పాల్సింది చెప్పుండ్రి. నేను చెప్తే బాగుండదు," అని ఇద్దరు కానిస్టేబుళ్ళతో అడవి బాట పట్టింది.

భీమక్క వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి కాళ్ళతో కలియదిప్పుతోంది. ఆయన్ని చూసి మంచం జరిపింది. చెంచురామయ్య కూర్చోలేదు.

"అమ్మా, నిన్న నువ్వు చెప్పిన తావు నేను బయటపెట్టాను."

"ఎవ్వలకు?"

"అందరికీ. వికీలో రాశాను. నాకొక్కడికే కనబడుతుందనుకున్నాను. గోపాలు చూశాడు." చేతులు జోడించాడు. "తిట్టు. కొట్టినా పడతాను."

భీమక్క తిట్టలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేననుకున్న. గాయన తెచ్చిన మనిషివి గద నువ్వు. ఎవ్వని దిక్కో తెల్వకుండ ఎట్ల నమ్మాలె? మా కాపలా పద్ధతి ఇనుకో అయ్యా. తావు అడిగినోనికి ఒక తావు చెప్పాలె. ఒక్కొక్కనికి ఒక్కో తావు. ఆడ ఒక పాత గుడ్డ పెట్టాలె. ఏ గుడ్డ పోతే గా తావు అడిగినోడు దొంగ. బండ సొరికె గోపాలు సారుకు చెప్పిన. ఇప్పచెట్టు తొర్ర నీకు చెప్పిన."

చెంచురామయ్యకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడ్డాడు. "అంటే... తొర్రలో ఉన్నది..."

"గదీ పాతదే. నిన్ను చూస్తె మంచోని లెక్కనే కనపడ్డవు. కానీ పద్ధతి పద్ధతే. దొంగ ఎవ్వలో నాకు ముందే తెలుసు. ఆదివారం పెద్దల ముంగట చెప్పాలె, అంతదాక నోరు ఇప్పొద్దు."

సిగ్గూ, ఊరటా ఒక్కసారే వచ్చాయి ఆయనకు. పరీక్షలో తప్పాడు, నిజమే. కానీ పడిగె క్షేమం. తన రాత వల్ల పోయింది ఏమీ లేదు. ఒక్క ఊపిరి హాయిగా తీసుకున్నాడో లేదో, భీమక్క అడిగింది.

"నా మనుమరాలు హాస్టల్‌లనే ఉన్నది గద?"

చెంచురామయ్య తల దించుకున్నాడు. "నేను రాసింది చూసి... నిజమే అనుకుంది. కాపాడాలని తొర్ర దగ్గరికి వెళ్ళింది."

ముసలామె కాళ్ళ కింద ఇప్పపువ్వు కలియబెట్టడం ఆగిపోయింది. "దానికి చెప్పలే నేను," అంది మెల్లగా. "పద్ధతి సంగతి గుడ చెప్పలే. పెండ్లయినంక చెప్తమనుకున్న. అయ్యో, నా బిడ్డ!"

అప్పుడే నాగలత పరుగున వచ్చింది. చేతిలో ఒక మాసిన గుడ్డ ఉంది, బొమ్మలు సగం వెలిసిపోయి. రెండో చేతిలో ముత్యాలు కాలేజీ బ్యాగు.

"గుడ్డ చెట్టు కింద పారేసి ఉన్నది సార్. గోపాలు బండి పొదల పడుకోబెట్టిండు. పక్కనే జీపు టైర్ల జాడ. మనది కాదు, కొనెటోళ్ళది కావచ్చు." ఊపిరి తీసుకుని, భీమక్క వైపు చూడకుండా చెప్పింది. "ముత్యాలును ఎక్కించుకుపోయిండ్రు."

"ఎందుకు? దాన్ని ఏం జేస్తరు?" అంది భీమక్క.

జవాబు చెంచురామయ్యకు తెలుసు. రెండోసారి కూడా పాత గుడ్డే దొరికాక గోపాలుకు మోసం అర్థమై ఉంటుంది. ఎదురుగా కాపలా మనిషి మనవరాలే దొరికింది. అసలు తావు ఆ పిల్లకు తెలియకుండా ఉంటుందా అనుకుని ఉంటాడు.

"ఆ పిల్ల చేత చెప్పించాలని," అన్నాడు కష్టంగా.

"దానికి తెల్వదు గద అయ్యా! కొట్టినా, చంపినా, ఏం చెప్తది? చెప్పెటందుకు దాని కాడ ఏం లేదు!"

భీమక్క ఒకసారి అడవివైపు చూసింది. తర్వాత చెంచురామయ్య దగ్గరికొచ్చి, నిన్నటిలాగే ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రాసేది గోపాలు చూస్తడన్నవు గద?"

"చూస్తాడు. వాడి ఫోన్‌కు వెంటనే తెలుస్తుంది."

"అయితే రాయి. ఇప్పుడు చెప్తున్న తావు రాయి. మల్ల పాత గుడ్డ పెడితే వాడు నా బిడ్డను ఇడువడు. అసలుది ఆడ ఉండాలె. వాడు ఆడికి రావాలె."

"అమ్మా, వద్దు. అది పోతే ఊరు నిన్ను..."

"ఊరు నన్ను ఏమన్న అననీ. వేల్పు కోపానికొస్తే కాళ్ళు పట్టుకుంట. బిడ్డ పోతే ఎవ్వల కాళ్ళు పట్టుకోవాలె?"

"రాయుండ్రి సార్," అంది నాగలత. "మీరు ఒత్తేలోపు నా మనుషులు ఆడ ఉంటరు."

భీమక్క వంగి ఆయన చెవిలో, తర్వాత నాగలత చెవిలో తావు చెప్పింది; నాగలత వెంటనే కానిస్టేబుళ్ళను అక్కడికి పంపింది. ముగ్గురూ కలిసి సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కారు. చెంచురామయ్య ఫోన్ తెరిచి తన పేజీలోకి వెళ్ళాడు. ఈసారి ఎవరూ చూపించాల్సిన పని లేదు. ఒక్కో అక్షరం వెతికి టైపు చేశాడు. చివర్లో "భీమక్క చెప్పింది" అని రాసి ఊరుకున్నాడు. ఆమె చెప్పింది అసలు తావో, మళ్ళీ ఒట్టి తావో ఆయనకు తెలియదు. అడగడానికి ముఖం లేదు.

కళ్ళు మూసుకుని బటన్ ఒత్తాడు.